ఎంఆర్‌ఎన్‌ఏ క్యాప్ మీద పీహెచ్‌డీ చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంఎస్సీ బయోకెమిస్ట్రీ చివరి సంవత్సరం. కణాల్లో మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏకి ఉండే క్యాప్‌ని ఎంజైములు ఎలా తీసేస్తాయో, దాని మీదే పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఇంత చిన్న విషయం మీద అన్నేళ్లు కూర్చుంటే తర్వాత పనెవరిస్తారండీ? డేటా సైన్స్ వైపు వెళ్లమంటే వినట్లేదు.

జవాబు: మీ భయం న్యాయమైనదేనండీ, కానీ "చిన్న విషయం" అన్నారు చూశారా, అక్కడ మాత్రం నేను ఒప్పుకోను. ముందు అదేంటో చెప్తాను, అప్పుడు ఉద్యోగాల సంగతి తేలిగ్గా అర్థమవుద్ది.

డీఎన్‌ఏలో ఉన్న సమాచారాన్ని ప్రొటీన్ తయారయ్యే చోటికి మోసుకెళ్లేది ఎంఆర్‌ఎన్‌ఏ. దాని మొదటి కొసన మిథైల్ గ్వానోసిన్ ఒకటి మూడు ఫాస్ఫేట్లతో తిరగేసి అతుక్కుని ఉంటుంది, అదే క్యాప్. 1975లో బయటపడింది. అది ఉన్నంతకాలం ఆ ఎంఆర్‌ఎన్‌ఏకి రెండు లాభాలు, ఒకటి ఇఐఎఫ్4ఇ అనే ప్రొటీన్ ఆ క్యాప్‌ని పట్టుకుని, ప్రొటీన్ తయారుచేసే యంత్రం లాంటి రైబోజోమ్ వచ్చేలా చేస్తుంది, రెండోది ఎక్స్‌ఆర్‌ఎన్1 అనే ఎంజైమ్ ఆ కొస నుంచి దాన్ని కొరకలేదు. అంటే కణం "ఈ ప్రొటీన్ ఇక చాలు" అనుకున్నప్పుడు క్యాప్ తీసేస్తే పని అయిపోతుంది, తిరిగి పెట్టడం మామూలుగా జరగదు కాబట్టి ఆ నిర్ణయం చాలా జాగ్రత్తగా తీసుకోవాలి.

అందుకే క్యాప్ తీసే ఎంజైమ్ ఒంటరిగా పనిచేయదు. మామూలుగా ముందు రెండో కొసనున్న పాలీ-ఏ తోకని (ఏ అనే అక్షరమే వరసగా ఉండే భాగం) సీసీఆర్4-నాట్ అనే ప్రొటీన్ల బృందం కత్తిరించి పొట్టి చేస్తుంది, ఆ మిగిలిన తోక మీద ఎల్‌ఎస్ఎమ్ 1 నుంచి 7 వరకు ఏడు ప్రొటీన్లు పాట్1 అనే ఇంకో ప్రొటీన్‌తో కలిసి ఉంగరంలా కూర్చుంటాయి, అప్పుడు డీసీపీ2 అనే ఎంజైమ్ రంగంలోకి దిగుతుంది. ఇదే అసలు కోసేది. నుడిక్స్ అనే కుటుంబానికి చెందింది, మెగ్నీషియం లాంటి లోహం అయాన్లు పట్టుకుని నీటి అణువుతో ఆ ఫాస్ఫేట్ బంధాన్ని తెంచేస్తుంది. పక్కన డీసీపీ1 అనే తోడు ప్రొటీన్ లేకపోతే బాగా నెమ్మది. కోసాక ఆర్‌ఎన్‌ఏ మొదట్లో ఒక్కటే ఫాస్ఫేట్ మిగులుతుంది, ఎక్స్‌ఆర్‌ఎన్1కి కావాల్సింది సరిగ్గా అదే, ఇక మొత్తం కొరుక్కుంటూ పోతుంది. ఇంకో దారి కూడా ఉంది, ఎక్సోజోమ్ అనే ఆర్‌ఎన్‌ఏని తినే ప్రొటీన్ల గుంపు రెండో కొస నుంచి తినుకుంటూ వస్తే చివర్లో క్యాప్ ముక్క మిగులుతుంది కదా, దాన్ని శుభ్రం చేసేది డీసీపీఎస్ అనే వేరే ఎంజైమ్, వేరే కుటుంబం, కోసే బంధం కూడా వేరే. కొన్ని ఎంఆర్‌ఎన్‌ఏలు నిమిషాల్లో పోతాయి, కొన్ని గంటల తరబడి ఉంటాయి. ఈ తేడా ఎందుకు అన్నది ఇంకా పూర్తిగా తేలని ప్రశ్న, మీ అమ్మాయిని లాగుతున్నది బహుశా అదే.

ఇప్పుడు ఉద్యోగం. "డీక్యాపింగ్ (అంటే క్యాప్ తీసే పని) నిపుణులు కావలెను" అని ప్రకటన ఎక్కడా రాదు, అది నిజం. కానీ ఎంఆర్‌ఎన్‌ఏతో వ్యాక్సిన్లు, మందులు తయారుచేసే కంపెనీలకి రోజూ ఉండే తలనొప్పి ఏంటంటే, మేం పెట్టిన క్యాప్ ఎంత శాతం ఆర్‌ఎన్‌ఏకి సరిగ్గా అతుక్కుంది, కణంలోకి వెళ్లాక ఎంతసేపు నిలుస్తుంది అని. క్యాప్‌లో ఒక ఫాస్ఫేట్‌లో ఆక్సిజన్ బదులు సల్ఫర్ పెడితే డీసీపీ2కి అంత తేలిగ్గా లొంగదు, అలాంటి క్యాప్‌లు తయారుచేసే వాళ్లు ఈ ఎంజైమ్ సంగతి తెలిసిన వాళ్లే. వైరస్‌ల వైపు చూడండి, మశూచి టీకాలో వాడిన వాక్సీనియా వైరస్ డీ9, డీ10 అని తన సొంత డీక్యాపింగ్ ఎంజైములే పెట్టుకుంది. ఇన్‌ఫ్లుయెంజా అయితే మన కణం ఎంఆర్‌ఎన్‌ఏల నుంచి క్యాప్ ఉన్న ముక్కని కోసేసి తన ఆర్‌ఎన్‌ఏకి వాడుకుంటుంది, ఆ కోసే ఎంజైమ్‌ని ఆపే బాలోక్సావిర్ మందు 2018లో అనుమతి పొందింది. డీసీపీఎస్‌ని ఆపే మందుల్ని వెన్నెముక కండరాల క్షీణత జబ్బుకి కూడా ప్రయత్నించారు. (2023 నోబెల్ ఎంఆర్‌ఎన్‌ఏ వ్యాక్సిన్లకి దారి వేసిన కారికో, వైస్‌మన్‌లకి వచ్చింది కానీ అది క్యాప్‌కి కాదు, న్యూక్లియోసైడ్ (ఆర్‌ఎన్‌ఏ అక్షరాల) మార్పులకి. ఈ రెండూ కలిపేసి చెప్పే యూట్యూబ్ వీడియోలు నమ్మకండి.)

ఇంకా ముఖ్యం, కంపెనీ చూసేది టాపిక్ పేరు కాదండీ చేతిలో ఏం పని ఉంది అని. ఈ పీహెచ్‌డీలో ప్రొటీన్ తయారుచేసి శుద్ధి చేయడం, ఆర్‌ఎన్‌ఏ పాడవకుండా పట్టుకోవడం, ఎంజైమ్ వేగం కొలవడం, మాస్ స్పెక్ (అణువుల బరువు కొలిచే పద్ధతి), ల్యాబ్‌ని బట్టి క్రయో-ఈఎమ్ (గడ్డకట్టించి ప్రొటీన్ ఆకారం చూసే మైక్రోస్కోప్ పద్ధతి) వస్తాయి. ఏ ఎంఆర్‌ఎన్‌ఏ ఎంత తొందరగా పోతోందో చూడాలంటే సీక్వెన్సింగ్ డేటా మీద కోడ్ రాయక తప్పదు, అంటే మీరు అడిగే డేటా పని కొంత ఇందులోనే ఉంది. ఆ కోడింగ్ మాత్రం నేర్చుకోనంటే అప్పుడు నేను మీ వైపే.

కష్టాలు దాచను. ప్రొఫెసర్ పోస్టులు తక్కువ, పీహెచ్‌డీ తర్వాత పోస్ట్‌డాక్ (కొన్నేళ్ల తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) కూడా చేయాల్సి రావొచ్చు, ప్రయోగాలు నెలల తరబడి ఫెయిల్ అవుతాయి. చేతి తొడుగు మర్చిపోతే చాలు, చర్మం మీదున్న ఆర్‌ఎన్‌ఏస్ (ఆర్‌ఎన్‌ఏని కోసేసే ఎంజైమ్) నమూనాని నాశనం చేసేస్తుంది. ఓపిక లేని వాళ్లకి ఇది కాదు.

ఆవిడకి అంత ఓపిక, ఆసక్తి ఉన్నాయా అని తెలుసుకోవాలంటే ఒక్క ప్రశ్న అడగండి: "క్యాప్ పోయిందని నీకెలా తెలుస్తుంది?" పుస్తకంలో బొమ్మ నచ్చిన వాళ్లు ఇక్కడ తడబడతారు. నిజంగా ఆలోచించిన పిల్ల అయితే, క్యాప్‌కి రేడియోధార్మిక ఫాస్ఫరస్ పెట్టి, విడిపోయిన ముక్కని టీఎల్‌సీ ప్లేట్ (పదార్థాల్ని వేరుచేసి చూపించే పలక) మీద చూస్తానని చెప్తుంది, డీసీపీ2 అయితే రెండు ఫాస్ఫేట్ల ముక్క, డీసీపీఎస్ అయితే ఒక ఫాస్ఫేట్ ముక్క వస్తుందని చెప్తుంది, నుడిక్స్ భాగంలో గ్లుటమేట్ అనే అమైనో ఆమ్లాన్ని మార్చి పని చేయకుండా చేసిన ఎంజైమ్‌ని పోలిక కోసం కంట్రోల్‌గా పెడతానంటే ఇంక మీరు అడ్డు చెప్పకండి.

చేరే ముందు గైడ్‌ని మాత్రం అడగమనండి, మీ ల్యాబ్ నుంచి వెళ్లిన వాళ్లు ఇప్పుడెక్కడున్నారు, సగటున ఎన్నేళ్లు పట్టింది అని. మొహమాటపడకుండా పాత స్టూడెంట్లకి కూడా మెయిల్ పెట్టమనండి. వీలైతే ముందు ఒక ఆరు నెలల ప్రాజెక్ట్ అదే రకం ల్యాబ్‌లో చేసి, ఆ తర్వాత అప్లై చేయడం మంచిది.