వకీలు లేకుండా అమ్మ ఇల్లు నీ పేరున రాయించుకోవడం గురించి

చి.ల.సౌ. అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

అమ్మ తెనాలి ఇల్లు నీ పేరున పెడతానంటోంది, లాయరు లేకుండా పని అవుతుందా అని అడిగావు. అవుతుంది. దస్తావేజు లాయరే రాయాలని చట్టంలో ఎక్కడా లేదు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో తెలుగు నమూనాలున్నాయి, చూసి నువ్వే రాసుకోవచ్చు. లేదంటే ఆఫీసు దగ్గరుండే దస్తావేజు లేఖరి చేత రాయించుకోవచ్చు. కాకపోతే లాయరు చూడాల్సినవన్నీ అప్పుడు నువ్వే చూసుకోవాలి. ఇచ్చేది మా అక్కయ్య, పుచ్చుకునేది నువ్వు. అందుకే ఇద్దరి తరఫునా ఆలోచించి రాస్తున్నాను.

ముందు అక్కయ్యని తీరిగ్గా కూర్చోబెట్టి అడుగు. ఇల్లు ఇప్పుడే ఇచ్చేయాలనుకుంటోందా, తన తరవాత నీకు రావాలనుకుంటోందా? తన తరవాతే అంటే వీలునామా చాలు. దానికి ఇద్దరు సాక్షులుండాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిదే. మనసు మారితే మళ్ళీ రాసుకోవచ్చు. ఇప్పుడే ఇచ్చేయడమంటే గిఫ్ట్, అది అలా కాదు. రిజిస్టరై నువ్వు పుచ్చుకున్నాక, ఎందుకిచ్చానా అనుకున్నా వెనక్కి తీసుకోలేదు. ఈ తేడా ఆమెకి బాగా అర్థమై, అయినా ఇప్పుడే ఇస్తానంటేనే ముందుకెళ్ళు.

ఇక అసలు చిక్కు. ప్రహరీ ఒకటే కాబట్టి మీరంతా ఒకటే ఆస్తి అనుకుంటున్నారు గానీ, కాగితాలు రెండు. ఇల్లున్న స్థలం అక్కయ్య పేరున కొన్నది. వెనక మామిడి చెట్టున్న నాలుగు సెంట్లు తరవాత బావ తన పేరున కొన్నాడు. ఇల్లు అక్కయ్య సొంతం. హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం దాని మీద సర్వహక్కులూ ఆమెవే, మీ తమ్ముడి సంతకం అక్కర్లేదు. వెనక స్థలం సంగతి వేరు. బావ వీలునామా రాయకుండా పోయాడు, మీ నాయనమ్మ అప్పటికే లేదు. కాబట్టి అది అక్కయ్యకీ నీకూ తమ్ముడికీ మూడో వంతు చొప్పున వస్తుంది. అక్కయ్య తన వంతు మాత్రమే ఇవ్వగలదు. అంతా కలిపి ఒకే దస్తావేజులో రాసేద్దామని ఎవరన్నా ఒప్పుకోకు. తమ్ముడు తన వంతు వదులుకుంటానంటే దానికి హక్కు విడుదల దస్తావేజు విడిగా రాయాలి. డాలస్ నుంచి రాలేకపోతే అక్కడి ఇండియన్ కాన్సులేట్ ద్వారా పవర్ ఆఫ్ అటార్నీ పంపొచ్చు. ఆ కాగితం మన దేశంలోకి వచ్చిన 3 నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టాలి. సంక్రాంతికి ఎలాగూ వస్తానంటున్నాడుగా, ఆ నాలుగు సెంట్ల పని అప్పటిదాకా ఆపడమే నయం.

ఇంటికి వాడి సంతకం అక్కర్లేకపోయినా, వాడికి చెప్పకుండా ఈ పని చెయ్యొద్దు. రేపెప్పుడో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలన్నీ చూపే ధ్రువపత్రం) తీసి చూసుకుని తెలుసుకోవడం వేరు, ముందే అక్క నోటితో వినడం వేరు. మెసేజ్ పెట్టి ఊరుకోకు, ఫోన్ చెయ్యి. వాడు మనస్ఫూర్తిగా సరేనని, రిజిస్ట్రేషన్ నాటికి ఇక్కడే ఉంటే సాక్షి సంతకం కూడా పెట్టమను.

అమ్మినట్టు రాసేస్తే గట్టిగా ఉంటుందని మీవాళ్ళెవరో అన్నారట. వద్దమ్మా. డబ్బు చేతులు మారకుండా మారిందని రాయడం అబద్ధం. పైగా స్టాంపు డ్యూటీ ఎక్కువ. కన్నకూతురికి రాసే గిఫ్ట్ సెటిల్‌మెంట్‌కి అమ్మకం కన్నా చాలా తక్కువ పడుతుంది. ప్రభుత్వ మార్కెట్ విలువ మీద ఎంతవుతుందో శాఖ వెబ్‌సైట్లోనే లెక్క చూసుకో. అమ్మ ఇచ్చింది కాబట్టి నీకు ఇన్‌కంటాక్స్ పడదు. ఎప్పుడైనా నువ్వు ఇల్లు అమ్మితే మాత్రం అక్కయ్య కొన్న ధర, కొన్న తేదీ చూసి పన్ను లెక్కేస్తారు. ఆ పాత దస్తావేజు జాగ్రత్తగా ఉంచు.

ఈసీ నువ్వే తీసుకుని, అక్కయ్య కొన్న దస్తావేజు నంబరు అందులో కనిపిస్తోందో లేదో చూడు. బావ వ్యాపారం రోజుల్లో ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టారు. లోను తీరినట్టు రసీదుంటే సరిపోదు, తనఖా విడుదల ఈసీలో ఎక్కాలి.

అన్నిటికన్నా ఎక్కువసేపు కూర్చోవాల్సింది హద్దుల పేజీ దగ్గర. పాత కాగితంలో "తూర్పు: మునిసిపల్ బజారు, దక్షిణం: ఫలానా వారి పెంకుటిల్లు" అని ఉంటుంది. ఆ పెంకుటింటి చోట ఇప్పుడు అపార్ట్‌మెంటుంది. పాత హద్దు అలాగే రాసి, పక్కనే "ప్రస్తుతం ఫలానా అపార్ట్‌మెంటు" అని చేర్చు. సెంట్లని గజాల్లోకి మార్చేటప్పుడు సెంటుకి 48.4 గజాలు. కొందరు 48 వేసేస్తారు, ఐదు సెంట్ల ఇంటికి రెండు గజాలు పోతాయి. నాకు తెలిసిన ఒక ఇంట్లో ఉత్తరం, దక్షిణం తారుమారయ్యాయి. కూతురు లోనుకి వెళ్ళేదాకా ఎవరూ చూడలేదు. అప్పటికి ఇచ్చిన తల్లి లేదు. సవరణ దస్తావేజు కోసం ఆ అమ్మాయి వారసులందరి చుట్టూ తిరిగింది. అక్కయ్య ఎదురుగా ఉండగానే కాగితం తప్పుల్లేకుండా ఉండాలి.

ఇప్పుడు నువ్వు తప్పకుండా చెయ్యాల్సింది చెబుతాను. దస్తావేజులో ఈ మాటలు రాయించు: "నా జీవితాంతము పై ఇంటిలో నివసించుటకు, అద్దెలు అనుభవించుటకు నాకు హక్కు ఉండును. నా కుమార్తె నాకు తిండి, బట్ట, వైద్యములకు లోటు రాకుండా చూచుకొనవలెను. అట్లు చూడని యెడల ఈ దస్తావేజు రద్దగును." ఇలా జీవితకాల హక్కు ఉంచుకుంటే గిఫ్ట్ చెల్లదని భయపెట్టేవాళ్ళుంటారు. మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులోనే 2014లో సుప్రీంకోర్టు అది చెల్లుతుందని తేల్చింది. చూసుకోవాలన్న షరతు కూడా ఊరికే కాదు. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం, 23వ సెక్షన్ కింద ఆ షరతు తప్పితే ట్రిబ్యునల్ గిఫ్ట్‌ని రద్దు చేయొచ్చు. షరతు ఉండి తీరాలని 2022లో సుప్రీంకోర్టు అంది. 2025లో ఇంకో తల్లి విషయంలో కాస్త ఉదారంగా చూసింది. అక్కయ్య ఆ ఉదారం మీద ఆధారపడాల్సిన అవసరం రాకూడదు. ఈ షరతులుంటే ఆమె ఉన్నంతకాలం నీకు ఇల్లు అమ్మడం, లోను తీసుకోవడం కష్టమే. ఉండనీ. నువ్వు చూసుకోవని నేననుకోవడం లేదు. కానీ మనుషుల ఆరోగ్యాలూ ఉద్యోగాలూ ఎప్పుడెలా తిరుగుతాయో తెలియదు. తన ఇంట్లో తాను ఎవరి దయ మీదా ఉండటం లేదన్న ధైర్యం డెబ్బై దాటిన మనిషికి కావాలి.

అలాగే "నేను ఈ ఆస్తిని స్వీకరించితిని" అని నీ సంతకం కూడా ఉండాలి. ఇచ్చేవాళ్ళు బతికుండగా పుచ్చుకుంటేనే గిఫ్ట్ పూర్తవుతుంది.

రిజిస్ట్రేషన్‌కి అక్కయ్యా నువ్వూ, ఇద్దరు సాక్షులూ ఆధార్‌లతో వెళ్ళండి. పాన్ కార్డులు మర్చిపోకండి. ముందురోజు సాయంత్రం అక్కయ్య కళ్ళజోడు పెట్టుకుని కాగితం మొత్తం తానే చదవాలి, నువ్వు చదివి వినిపించడం కాదు. సంతకాలయ్యాక 4 నెలల గడువున్నా అదే రోజు దాఖలు చేసెయ్యండి. ఆమె మోకాళ్ళు మరీ ఇబ్బంది పెడితే ఇంటికొచ్చి రిజిస్టర్ చెయ్యమని సబ్ రిజిస్ట్రార్‌కి అర్జీ పెట్టొచ్చు, చట్టంలో ఆ వీలుంది. వయసుకి వేలిముద్రలు అరిగి మెషీన్ పట్టకపోతే టెన్షన్ పడకండి, తుడుచుకుని మళ్ళీ వేయించండి.

అయ్యాక మునిసిపాలిటీలో ఇంటిపన్ను, తరవాత కరెంటు మీటరు నీ పేరున మార్పించు. కొత్త ఈసీ తీసి నీ దస్తావేజు నంబరు ఎక్కిందో లేదో చూడు.

తమ్ముడు ససేమిరా అన్నా, ఈసీలో నీకు తెలియని పేరు కనిపించినా, ఆ వెనక స్థలం రిజిస్ట్రేషన్ చెయ్యకూడదన్న నిషేధిత జాబితాలో ఉందని తేలినా అక్కడితో ఆగిపో. అప్పుడు లాయరు ఫీజుకి వెనకాడొద్దు.

చిత్తు రాయడం అవగానే వాట్సాప్‌లో పంపు. పాత దస్తావేజులోని హద్దుల పేజీ ఫొటో కూడా జత చెయ్యి. రెండూ పక్కపక్కన పెట్టి చూసి చెబుతాను.

మావయ్య