రీబిల్డ్ అయ్యాక ఆలిసన్ గేర్‌బాక్స్ రెండు నుంచి మూడుకు జారుతోంది, రివర్స్ ఆలస్యం: దించకముందు ఏం చూడాలి?

మీ టిప్పర్‌కి ఆలిసన్ 3000 సిరీస్ ఆరు గేర్ల ఆటోమేటిక్, ఆటోనగర్‌లో రీబిల్డ్ చేయించారు. ఇప్పుడు రెండు నుంచి మూడుకు మారేటప్పుడు ఇంజిన్ ఒక్కసారిగా రేజ్ అవుతోంది, రివర్స్ పడటానికి రెండు మూడు సెకన్లు పడుతోంది, వేడెక్కాక ఇంకా ఎక్కువవుతోంది, మేస్త్రి మళ్లీ దించుదామంటున్నాడు అని రాశారు. ఇప్పుడే దించనివ్వకండి అన్నా. సగం జవాబు మీరు రాసినదాంట్లోనే ఉంది.

ఇందులో సీ1 నుంచి సీ5 వరకు ఐదు క్లచ్‌లు (ఆయిల్ ప్రెషర్‌తో పిస్టన్ నొక్కితే బిగుసుకునే ప్లేట్ల కట్టలు), ఏ గేరులో ఉన్నా పట్టేవి రెండే. ఒకటికి సీ1, సీ5. రెండుకు సీ1, సీ4. మూడుకు సీ1, సీ3. నాలుగుకు సీ1, సీ2. ఐదుకు సీ2, సీ3. ఆరుకు సీ2, సీ4. రివర్స్‌కి సీ3, సీ5. న్యూట్రల్‌లో సీ5 ఒక్కటే. ఇప్పుడు మీ బండి సంగతి చూడండి. రెండు నుంచి మూడుకు వెళ్లాలంటే సీ4 వదలాలి, సీ3 పట్టాలి. న్యూట్రల్ నుంచి రివర్స్‌కి సీ5 ముందే పట్టి ఉంది, కొత్తగా పట్టాల్సింది సీ3యే. రెండు చోట్లా అదే. నాలుగు నుంచి ఐదుకు కూడా సీ3 పట్టాలి కాబట్టి, ఓఆర్ఆర్ మీద లోడుతో ఒకసారి అది చూడండి. అక్కడా ఆర్‌పీఎం ఎగిరితే వేరే క్లచ్‌ల జోలికి పోనక్కర్లేదు. రివర్స్, ఐదు రెండూ శుభ్రంగా పడి మూడు మాత్రమే జారితే అది వేరే కథ, సీ4 తొందరగా వదిలేస్తుండొచ్చు.

ఆయిల్ సంగతి ముందు తేల్చుకోండి. బండి చదునుగా ఉండాలి, ఆయిల్ వేడెక్కి ఉండాలి, న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్, ఐడిల్. షిఫ్టర్ మీద పై బాణం, కింది బాణం కలిపి నొక్కితే రెండు నిమిషాల కౌంట్‌డౌన్ తర్వాత లెవల్ చూపిస్తుంది. ‘ఎల్ఓ 02’ అంటే రెండు క్వార్ట్‌లు, అంటే సుమారు 1.9 లీటర్లు తక్కువ. ‘హెచ్ఐ’ వస్తే ఎక్కువైంది, అదీ ప్రమాదమే. గేర్లు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తాయి, నురగతో ప్రెషర్ నిలబడదు, వేడెక్కేకొద్దీ జారుతుంది. ఆలిసన్ ఆయిల్ ప్రమాణాలైన టీఈఎస్ 295 గానీ టీఈఎస్ 668 గానీ అప్రూవల్ ఉన్న ఆయిలే పోయండి. సగం అది, సగం షాపులో ఉన్నదేదో కలిపితే ఎవరూ ఏమీ తేల్చలేరు.

తర్వాత అడాప్టివ్ విలువలు. రీబిల్డ్ చేసిన చాలా చోట్ల వదిలేసేది ఇదే. ఒక్కో క్లచ్ పిస్టన్ నిండటానికి ఎంత ఆయిల్ కావాలో టీసీఎం (గేర్‌బాక్స్ కంప్యూటర్) పాత ప్లేట్లతో నేర్చుకుని దాచుకుంటుంది. ప్లేట్లు మారాయి, లెక్క పాతదే. బ్యాటరీ వైరు తీసి పెడితే పోతుందని నమ్మొద్దు. ఆలిసన్ డాక్ అనే స్కానర్ సాఫ్ట్‌వేర్‌తో రీసెట్ చేసి, త్వరగా కొత్తగా నేర్చుకునే ఫాస్ట్ అడాప్టివ్‌లో పెట్టించండి. ఆ తర్వాత వేడి ఆయిల్‌తో, నిలబెట్టి న్యూట్రల్ నుంచి డ్రైవ్‌కి, న్యూట్రల్ నుంచి రివర్స్‌కి ఐదేసి సార్లు, రోడ్డు మీద ప్రతి గేరూ తక్కువ, మధ్యస్థ యాక్సిలరేటర్‌తో ఐదేసి సార్లు మారనివ్వండి. పాత లెక్కే కారణమైతే మూడో నాలుగో మార్పుకే తేడా తెలుస్తుంది. ఎన్నిసార్లు మారినా అలాగే ఉంటే సమస్య లోపలే ఉంది.

స్కానర్ పెట్టినప్పుడే కోడ్‌లు చూడండి. పీ0733 మూడో గేరు రేషియోది, పీ0735 ఐదుది, పీ0736 రివర్స్‌ది. కోడ్ రాకపోయినా టర్బైన్ స్పీడు (గేర్‌బాక్స్‌లోకి వచ్చేది), అవుట్‌పుట్ స్పీడు (బయటికి వెళ్లేది) పక్కపక్కన పెట్టి చూడొచ్చు. క్లోజ్ రేషియో బాక్స్‌లో మూడో గేరు 1.41. అవుట్‌పుట్ 1000 ఉంటే టర్బైన్ 1410 దగ్గర ఉండాలి. గేరు మారడం పూర్తయ్యాక కూడా 1600 చూపిస్తే 190 ఆర్‌పీఎం జారుతున్నట్టే, ఆ ప్లేట్లు కాలిపోతున్నాయి. అలా ఉంటే లోడు వేయకండి.

అసలు తేల్చేది ప్రెషర్ గేజ్. 400 పీఎస్ఐ గేజ్‌లు రెండు తీసుకుని ఒకటి మెయిన్ ప్రెషర్ కొలిచే ట్యాప్‌కి, ఒకటి సీ3 ట్యాప్‌కి పెట్టి, చక్రాలకు దిమ్మెలు అడ్డం పెట్టి, బ్రేక్ తొక్కి రివర్స్ వేయండి. రెండూ తక్కువైతే పంపు, ఫిల్టర్ వైపు చూడాలి. పాత ఫిల్టర్ ఓ-రింగ్ లోపలే ఉండిపోయి దాని మీద కొత్తది ఎక్కించడం మామూలే. మెయిన్ సరిగ్గా ఉండి సీ3 మెల్లగా ఎక్కితే, లేదా తక్కువలోనే ఆగితే మధ్యలో లీకో, ఇరుక్కున్న వాల్వో, సొలెనాయిడో (కరెంటుతో ఆయిల్‌ని నియంత్రించేది). రెండూ సరిగ్గా ఉండి జారితే ప్లేట్లు కాలాయి, లేదా ప్లేట్ల మధ్య ఖాళీ (క్లియరెన్స్) కొలవకుండా కట్టారు. మీకు వేడెక్కాక ఎక్కువవుతోంది కాబట్టి నా అనుమానం మధ్యదాని మీదే. పలచబడ్డ ఆయిల్ కోసుకుపోయిన లిప్ సీల్ (పిస్టన్ అంచు రబ్బరు) పక్కనుంచి తప్పించుకుంటుంది.

సీ1, సీ2 తిరిగే క్లచ్‌లు. సీ3, సీ4, సీ5 కేసుకే కట్టి ఉంటాయి. అందుకే సీ3ని పరీక్షించడానికి బాక్స్ దించక్కర్లేదు. ఆయిల్ వదిలి కింద వాల్వులు, సొలెనాయిడ్లు ఉండే కంట్రోల్ మాడ్యూల్ విప్పితే (బరువెక్కువ, జాక్ లేకుండా బోల్టులు తీయొద్దు) సీ3 ఆయిల్ దారి కేసులో కనిపిస్తుంది. అందులోకి 40 పీఎస్ఐ గాలి ఇవ్వండి. ‘థడ్’మని పిస్టన్ కదిలి, గాలి పట్టి నిలబడితే సీల్ బాగుంది, మాడ్యూల్‌లో వెతకండి: గాస్కెట్ తప్పుగా కూర్చోవడం, వాల్వ్ ఇరుక్కోవడం. ‘స్‌స్‌’మంటూ గాలి పోతూనే ఉంటే సీల్ పోయింది, అప్పుడు మాత్రమే దించాలి.

దించాల్సి వస్తే మేస్త్రికి మూడు మాటలు గట్టిగా చెప్పండి. సీల్స్ నిలబెట్టడానికి వ్యాజిలిన్ వాడాలి, చాసిస్ గ్రీజు కాదు, అది ఆయిల్‌లో కరగక సొలెనాయిడ్ జాలీలో పేరుకుంటుంది. కొత్త ప్లేట్లు ఆయిల్‌లో నానాకే ఎక్కించాలి. రాణిగంజ్‌లో సైజు చూసి తెచ్చిన ఓ-రింగ్ లోపల వేయకూడదు, రబ్బరు రకం తేడా అయితే వేడికి గట్టిపడుతుంది. ఇక ఆయిల్ కూలర్. పాత క్లచ్‌ల పొడి అందులోనే ఉంటుంది, ఫ్లష్ చేయకుండా బిగిస్తే ఆ పొడి మళ్లీ మీ కొత్త వాల్వుల్లోకే వస్తుంది. మొదటిసారి ఫ్లష్ చేశారా లేదా అని ఈరోజే అడగండి.