గ్లామర్ అంటే గడ్డిబండి: ఓ యువ రచయితకు

తమ్ముడూ,

నీ కథ చదివాను. నాయిక పెళ్లిపందిట్లోకి వచ్చే చోట 'ఆమెలో ఏదో గ్లామర్ ఉంది' అని రాసి ఊరుకున్నావు. ఆ మాట తీసెయ్యమనను, దానిచేత పని చేయించమంటాను.

మనకి సినిమా పేజీల్లో అలవాటైన ఈ మాటకి పుట్టిల్లు స్కాట్లండ్. 18వ శతాబ్దపు స్కాట్స్ భాషలో గ్లామర్ అంటే అందం కాదు, మంత్రం. లేనిది ఉన్నట్టు కనిపించేలా చూసేవాళ్ల కళ్లమీద వేసేది, అచ్చంగా మన కనికట్టు. అది పుట్టింది గ్రామర్ అనే మాట నుంచి! చదువంటే లాటిన్ వ్యాకరణమే అయిన రోజుల్లో, అక్షరం ముక్క రానివాళ్లకి లావుపాటి పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవాళ్లు మంత్రగాళ్లలా కనిపించారు మరి. స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ 1789 నాటి ఓ కవితలో ఈ రెండు మాటలకీ అంత్యప్రాస కలిపాడు, జిప్సీల గ్లామర్ ఒక పాదంలో, నరకపు నల్ల గ్రామర్ పక్క పాదంలో.

ఈ మాటని ఎక్కువమంది ఇంగ్లిష్ పాఠకులకి చేర్చింది ఆ దేశపు మరో రచయిత వాల్టర్ స్కాట్. 1805లో వచ్చిన 'ది లే ఆఫ్ ది లాస్ట్ మిన్‌స్ట్రెల్' అనే కథాకావ్యంలో ఓ మరుగుజ్జు మంత్రాల పుస్తకం తెరిచి ఒకే ఒక్క చిన్న మంత్రం చదవగలుగుతాడు. దాని బలంతో చెరసాల గోడమీది సాలెగూడు ప్రభువుల హాల్లో వేలాడే అల్లిక తెరలా కనిపిస్తుంది. తర్వాత వాడు గాయపడిన యోధుణ్ణి గుర్రంమీద వేసి, కాపలావాళ్ల కళ్లముందే కోటలోకి తీసుకొస్తాడు. వాళ్లేమో గడ్డిబండి తప్ప ఇంకేమీ వెళ్లలేదని ఒట్టేసి చెబుతారు.

నాకు ఆ గడ్డిబండి అంటే ప్రాణం. బంగారు రథం కనిపించి ఉంటే కాపలావాళ్లు ఆపి అడిగేవాళ్లు కదా, గడ్డిబండిని ఎవరు ఆపుతారు? అక్కడ మంత్రం ఎంత గొప్పదో చెప్పడు స్కాట్, ఎవరి కంటికి ఏం కనిపించిందో చెబుతాడు.

నువ్వూ అదే చెయ్యి. పందిట్లో ఆమెని చూస్తున్నది ఎవరు? వాళ్ల కంటికి అద్దె నగలు అసలు బంగారంలా కనిపించాయా, పొద్దుట్నుంచీ ముఖంలో ఉన్న అలసట కనిపించకుండా పోయిందా? మోసపోయే కన్ను ఎవరిదో తేల్చుకోకుండా కనికట్టు రాయలేం. 'వర్ణనాతీతం' లాంటి మాటల జోలికి మాత్రం పోకు, వాటిలో రాసినవాడికి తప్ప ఎవరికీ ఏమీ కనిపించదు.

ఆ సన్నివేశం ఒక్కటీ మళ్లీ రాసి పంపు, మిగతా కథ బావుంది, నేను వేలు పెట్టను. స్కాట్స్ నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఉంది, వీలు చూసుకుని ఈ మాట దగ్గరున్న పాత వాడుకలు చదువు.

ప్రేమతో,
అన్నయ్య