వాషింగ్ మెషీన్ వెనుక గవ్వ

వీధి నుంచి తెచ్చుకున్న కుక్క పది రోజులైనా మంచం కింద నుంచి రావడం లేదనీ, ఎవరూ లేనప్పుడే తింటోందనీ, దాన్ని మచ్చిక చేసుకోవడానికి ఇంకా ఏం చేయాలనీ అడిగారు. ఇంకా చేయవలసినది ఏమీ లేదు. ఇప్పుడు చేస్తున్నవాటిలో సగం మానేస్తే చాలు. భీమిలి నుంచి గాజువాక దాకా ఏ కుక్కకు మాటలు వచ్చినా ఇదే చెబుతుందని నా గట్టి నమ్మకం.

మేము విశాఖపట్నంలో ఎం.వి.పి. కాలనీలో, మూడో అంతస్తు ఫ్లాటులో ఉంటాము. రెండేళ్ల క్రితం నవంబరు మొదటి వారంలో, చేపల రేవు దగ్గర బండి తగిలి కాలు దెబ్బతిన్న ఒక ఆడకుక్కను, చికిత్స పూర్తయ్యాక ఇంటికి తెచ్చుకున్నాము. దాని చెవి కొనకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన గుర్తుగా గాటు ఉంది, తెల్లని ఒంటి మీద గోధుమరంగు మచ్చలు ఉన్నాయి. ఆ మచ్చలను చూసి గవ్వ అని పేరు పెట్టాము. పేరు పెట్టడం ఒక్కటే ఆ రోజు మేము సరిగా చేసిన పని. వచ్చిన గంటలోనే స్నానం చేయించాము, పక్క ఫ్లాటు పిన్నిగారు మనవలను వెంటబెట్టుకుని చూడడానికి వచ్చారు, అందరూ చుట్టూ చేరి చెయ్యి చాపి వాసన చూడమన్నారు. గవ్వ మాటిమాటికీ ఆవలిస్తూ, మూతి నాక్కుంటూ, తల పక్కకు తిప్పుకుని కళ్ల తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తూ ఉంటే, పాపం నిద్ర వస్తోందని అనుకున్నామే తప్ప, అవన్నీ కుక్క భయాన్ని చెప్పుకునే పద్ధతులని మాకు తెలియదు. సందు దొరకగానే అది వంటింటి వెనుక యుటిలిటీలోకి పరుగెత్తి, వాషింగ్ మెషీన్‌కూ గోడకూ మధ్య ఉన్న జానెడు చోటులో ఎలాగో ఇరుక్కుంది. ఆ తరువాత మూడు వారాలు మా ఇంటిల్లిపాది బట్టలు నేను చేత్తో ఉతికాను. ఈ త్యాగాన్ని ఇప్పటివరకు ఎవరూ గుర్తించలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మూడో రోజు మా వారు ఓపిక నశించి, మెడ పట్టుకుని బయటికి లాగబోయారు. బొటనవేలి మీద కరిచింది. తప్పు కుక్కది కాదని ఆయనే తరువాత ఒప్పుకున్నారు. పంపు కింద సబ్బుతో పావుగంట కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాము. చర్మం లోపలికి ఇచ్చే పద్ధతిలో రేబిస్ టీకా ఆ రోజూ, 3, 7, 28వ రోజుల్లోనూ వేయించుకున్నారు. కుక్కకు టీకాలు వేసిన కాగితం మన దగ్గర ఉన్నా సరే, మీ ఇంట్లో ఎవరికైనా పన్ను దిగితే పసుపు రాసి ఊరుకోవద్దు.

ఆ రోజు నుంచి గవ్వను పిలవడం, తొంగి చూడడం మానేశాము. అన్నంలో ఉడికించిన కోడిమాంసం కలిపి గిన్నె పెట్టి వచ్చేసేవాళ్లము. రాత్రి అందరూ పడుకున్నాక అది బయటికి వస్తోందో లేదో తెలియక, ఒక రాత్రి యుటిలిటీ గుమ్మం నుంచి హాలు వైపు బియ్యప్పిండి పలుచగా చల్లి ఉంచాను. తెల్లవారి చూస్తే, కృష్ణాష్టమికి మనం వేసే చిన్ని పాదాలలా, రెండు టైల్స్ మేర అడుగులు పడి ఉన్నాయి. రెండో టైల్ మీద నాలుగు పాదాలూ ఒక్కచోటే ఒత్తుకుని ఉండడాన్ని బట్టి, అక్కడే నిలబడి చాలాసేపు విని వెనక్కి వెళ్లిందని అర్థమైంది. ఎనిమిదో రోజుకు ఐదు టైల్స్, పన్నెండో రోజుకు హాలు గుమ్మం దాకా తొమ్మిది. పిండికి చీమలు పట్టి ఇల్లంతా పాకాయి, అది వేరే సంగతి. పదమూడో రోజు ఆదివారం, మా చుట్టాలు చెప్పకుండా దిగారు, కుక్కర్ ఆరు విజిల్స్ వేసింది, మరునాటి ఉదయం పిండి మీద ఒక్క అడుగు కూడా లేదు. కొత్త కుక్కకు బెదురు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి అలవాటు కావడానికి మూడు వారాలు, పూర్తిగా కుదురుకోవడానికి మూడు నెలలు అంటూ మంది చెప్పే లెక్కను నేను నమ్మకపోవడానికి కారణం ఇదే: కుక్క కుదురుకోవడం మెట్లెక్కినట్లు ఉండదు, వైకుంఠపాళీలా ఉంటుంది.

పంతొమ్మిదో రోజు జరిగినది చెప్పడానికే నిజానికి ఇదంతా రాస్తున్నాను. ఇంట్లోకి కుక్కను తేవడానికి మొదటి నుంచీ ఇష్టపడని మా అత్తయ్యగారు, యుటిలిటీ గుమ్మంలో పాత పేపరు పరచుకుని, వాషింగ్ మెషీన్‌కు వీపు పెట్టి కూర్చుని ఎండు నెత్తళ్ళ తలలు తుంచుతున్నారు. నేను స్టవ్ దగ్గర ఉన్నాను. మెషీన్ వెనుక గోళ్లు గీసుకున్న చప్పుడు, ఆ తరువాత చాలాసేపు ఏమీ లేదు. ఆ పైన గవ్వ పొట్ట నేలకానించి పాక్కుంటూ వచ్చి, ముక్కును ఆవిడ మోచేతికి తాకించింది. ఆవిడ తల తిప్పలేదు, చేతిలో పని ఆపలేదు, ఒక నెత్తలి తలను వెనక్కి, పేపరు అంచు మీద పెట్టారు. అది మాయమయ్యాక ఇంకొకటి. పదకొండు దాకా నేను లెక్కపెట్టాను, ఈలోగా పప్పు పొంగి స్టవ్ ఆరిపోయింది. ఏం మంత్రం వేశారని రాత్రి అడిగితే, “దానికేటి కావాలో దానికి తెలీదేటి? మీరలా మీద పడిపోతే నాకూ భయమేస్తాది” అన్నారు. ఉప్పు చేప పెట్టినందుకు పశువైద్యుడు మమ్మల్ని కోప్పడ్డారు. అప్పటి నుంచి నెత్తళ్ళను నానబెట్టి, రెండు నీళ్లు మార్చి, ఉడికించి పెడుతున్నాము.

డిసెంబరులో నేవీ వారి విన్యాసాలకు ముందు యుద్ధ విమానాలు రిహార్సల్ కోసం మా మేడల మీదుగా దూసుకుపోతుంటే గవ్వ మళ్లీ మెషీన్ వెనుకకు చేరింది, కానీ ఈసారి రెండు రోజులకే వచ్చేసింది. ఇంకొక ముచ్చట కూడా చెప్పాలి. లిఫ్టులో కుక్కలు ఎక్కరాదని మా అసోసియేషన్ వారు నోటీసు అంటిస్తే, అలా నిషేధించడం కుదరదని జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాలను అచ్చు వేయించి, వారం రోజులు వాదించి, ఆ నోటీసు తీయించాను. తీరా చూస్తే గవ్వకు లిఫ్టు తలుపు మూసుకునే చప్పుడంటేనే హడల్. ఈనాటికీ మూడంతస్తులు నేను దానితో పాటు మెట్ల మీదే దిగి ఎక్కుతున్నాను.

మీ కుక్కను బయటికి తిప్పే రోజు వచ్చినప్పుడు మెడపట్టీకి ఒక తాడు, ఒంటికి కట్టే పట్టీకి ఇంకొక తాడు కట్టండి, ఎందుకంటే బెదిరిన కుక్క వెనక్కి గుంజుకుని మెడపట్టీలోంచి తల ఇట్టే తప్పించుకుంటుంది. అంతవరకు మంచం కింద చీపురు పెట్టవద్దు, చుట్టాలను పిలవవద్దు, గదిలో దాని వైపు వీపు పెట్టి కూర్చుని కూరగాయలు తరుక్కోండి. ఉల్లిపాయ ముక్కలు మాత్రం దానికి అందనివ్వవద్దు, అవి కుక్కలకు విషం. ఈ రాత్రి మంచం నుంచి గుమ్మం దాకా బియ్యప్పిండి పలుచగా చల్లి, తెల్లవారి ఎన్ని అడుగులు పడ్డాయో ఈ సమాధానం కింద రాయండి.