యూట్యూబ్‌లో 10 కోట్ల వ్యూస్ దాటిన తెలుగు పాటకు అమెరికా ప్లాటినం వస్తుందా?

మీరు అడిగింది ఇది: సొంతంగా విడుదల చేసిన ఒక తెలుగు పాటకు యూట్యూబ్‌లో 10 కోట్ల వ్యూస్ దాటాయి, దానికి ఆర్‌ఐఏఏ ప్లాటినం (అమ్మకాలు, స్ట్రీమ్‌లు ఒక అంకె దాటితే ఇచ్చే సర్టిఫికెట్) వస్తుందా, వస్తే ఎవరు అప్లై చేయాలి అని.

ఆ 10 కోట్లలో అమెరికాలో చూసినవి ఎన్నో ముందు తేల్చుకోండి. ఆర్‌ఐఏఏ, అంటే రికార్డింగ్ ఇండస్ట్రీ అసోసియేషన్ ఆఫ్ అమెరికా, ఆ దేశంలో జరిగిన అమ్మకాలనూ స్ట్రీమ్‌లనూ మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. హైదరాబాద్‌లో చూసినా దుబాయ్‌లో చూసినా అక్కడ పనికిరాదు. తెలుగు పాటకు వచ్చే వ్యూస్‌లో ఎక్కువ భాగం ఇండియావే కాబట్టి, మీ పాట ప్లాటినానికి చాలా దూరంలో ఉండి ఉంటుంది.

లెక్క చూద్దాం. పాటకు 5 లక్షల యూనిట్లయితే గోల్డ్, 10 లక్షలయితే ప్లాటినం, 20 లక్షల నుంచి మల్టీ ప్లాటినం, కోటి అయితే డైమండ్. ఒక డౌన్‌లోడ్ ఒక యూనిట్. 150 స్ట్రీమ్‌లు కలిస్తే ఒక యూనిట్. అంటే డౌన్‌లోడ్లు అసలు లేవనుకుంటే గోల్డ్‌కు అమెరికాలో 7.5 కోట్ల స్ట్రీమ్‌లు, ప్లాటినానికి 15 కోట్లు, డైమండ్‌కు 150 కోట్లు కావాలి. ఆడియో స్ట్రీమ్, వీడియో స్ట్రీమ్ రెండూ లెక్కకొస్తాయి, కానీ వినేవాడు తానే ఎంచుకుని ప్లే చేసినవై ఉండాలి. రేడియోలా దానంతట అదే వరుసగా వినిపించే సర్వీసుల ప్లేలు లెక్కలోకి రావు.

ఒక ఉదాహరణ. అమెరికాలో ఒక పాటకు 4 కోట్ల ఆడియో స్ట్రీమ్‌లు, 2 కోట్ల వీడియో స్ట్రీమ్‌లు, 30 వేల డౌన్‌లోడ్లు ఉన్నాయనుకోండి. 6 కోట్లను 150తో భాగిస్తే 4 లక్షలు, దానికి 30 వేలు కలిపితే 4 లక్షల 30 వేలు. గోల్డ్‌కు ఇంకా 70 వేల యూనిట్లు తక్కువ, అంటే మరో 1.05 కోట్ల స్ట్రీమ్‌లు రావాలి.

ఆల్బమ్‌కూ ఇవే మెట్లు, మార్పిడి మాత్రం వేరు: 1,500 స్ట్రీమ్‌లు ఒక ఆల్బమ్, అందులోని పాటల డౌన్‌లోడ్లు 10 కలిస్తే ఒక ఆల్బమ్. పాటల స్ట్రీమ్‌లన్నీ కలిపి 60 కోట్లుంటే 4 లక్షల యూనిట్లు, 3 లక్షల పాటల డౌన్‌లోడ్లుంటే 30 వేలు, పూర్తి ఆల్బమ్‌లు 80 వేలు అమ్ముడైతే మొత్తం 5 లక్షల 10 వేలు. గోల్డ్ వచ్చేసినట్టే. ఈ పద్ధతి 2016 ఫిబ్రవరి నుంచి ఉంది. దీనిలో నాకు నచ్చని సంగతి ఒకటుంది. ఒకే స్ట్రీమ్ పాట ఖాతాలోనూ ఆల్బమ్ ఖాతాలోనూ పడుతుంది. ఒక్క పాట 75 కోట్ల స్ట్రీమ్‌లు తెచ్చుకుంటే మిగతా తొమ్మిది పాటలు ఎవరూ వినకపోయినా ఆల్బమ్‌కు గోల్డ్ దక్కుతుంది. అందుకే ఈమధ్య కాలపు ఆల్బమ్ ప్లాటినాన్ని చూసి 10 లక్షల మంది ఆ ఆల్బమ్ కొన్నారని అనుకోవద్దు.

పాత రికార్డులతో పోల్చేటప్పుడూ జాగ్రత్త. 1958లో ఈ పథకం మొదలైనప్పుడు సింగిల్‌కు, అంటే విడిగా అమ్మే పాటకు, గోల్డ్ అంటే 10 లక్షల కాపీలు. ఆల్బమ్‌కు కాపీల లెక్కే లేదు, టోకు ధరలో 10 లక్షల డాలర్ల అమ్మకం ఉంటే చాలు. 1976లో ప్లాటినం వచ్చినప్పుడు సింగిల్‌కు 20 లక్షలు పెట్టారు. 1989లో ఆ రెంటినీ సగానికి తగ్గించారు. అంటే 1980 నాటి గోల్డ్ సింగిల్, నేటి ప్లాటినం సింగిల్ ఒకే మెట్టు మీద ఉన్నాయి. రెండు డిస్కులుండే డబుల్ ఆల్బమ్‌లదీ ఇదే తిరకాసు. నిడివి 100 నిమిషాలు దాటినా, వినైల్ (పాత గ్రామఫోన్ రికార్డు) కాలంలో వచ్చినదైనా ఒక్కో డిస్క్‌ను విడిగా లెక్కిస్తారు. బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ డబుల్ ఆల్బమ్ 'ది వాల్'కు 23 రెట్ల ప్లాటినం ఉందంటే అమ్ముడైన సెట్లు దాదాపు కోటి 15 లక్షలే.

ఎక్కువమంది బోల్తాపడేది దరఖాస్తు దగ్గర. అంకె దాటగానే సర్టిఫికెట్ దానంతట రాదు. బ్రిటన్‌లో అక్కడి రికార్డింగ్ కంపెనీల సంఘం బీపీఐ 2013 నుంచి తనంతట తానే ఇస్తోంది కానీ అమెరికాలో లేబుల్ అడగాలి, ఫీజు కట్టాలి. సభ్యత్వం లేని లేబుల్ కూడా అడగొచ్చు, ఫీజు కాస్త ఎక్కువ. అడగకపోతే ఏమవుతుందో అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్ చూపించింది. ఆ సంస్థ 1970ల చివరిదాకా తన ఖాతాలు ఆర్‌ఐఏఏ ఆడిట్‌కు ఇవ్వలేదు కాబట్టి, 1960ల్లో అమెరికాను ఊపేసిన దాని పాటలకు ఆనాటి అధికారిక గోల్డ్ లేదు. ఎల్విస్ ప్రెస్లీ విషయంలో పాత లెక్కలన్నీ తవ్వి తీశాక 1992లో 110 గోల్డ్, ప్లాటినం అవార్డులు ఒకేసారి ఇచ్చారు. సర్టిఫికెట్ మీది తేదీ కూడా ఆడిట్ పూర్తయ్యాక పడేదే, అమ్మకం ఆ అంకెను దాటిన రోజు కాదు.

మీరు చేయాల్సింది ఇది. ముందు మాస్టర్ హక్కులు, అంటే అసలు రికార్డింగ్ మీది హక్కులు, ఎవరి పేరున ఉన్నాయో అగ్రిమెంట్‌లో చూడండి. సినిమా పాటైతే సాధారణంగా ఆడియో కంపెనీవే, దరఖాస్తు వాళ్లే పెట్టాలి. సొంత పాటైతే డిస్ట్రిబ్యూటర్ (పాటను యాప్‌లలోకి ఎక్కించే కంపెనీ) నుంచి విడుదల రోజు మొదలు ఇప్పటిదాకా దేశాలవారీ స్టేట్‌మెంట్ తీసుకుని అమెరికా వరుసలు మాత్రం కూడండి. యాప్‌లో పైకి కనిపించే అంకె ప్రపంచం మొత్తానిది, దాంతో లెక్క కట్టొద్దు. యూట్యూబ్ స్టూడియోలో అనలిటిక్స్‌లో దేశాల వివరం ఉంటుంది. పాట పేరు, కళాకారుల పేర్లు, లేబుల్, విడుదల తేదీ, ఐఎస్‌ఆర్‌సీ కోడ్ (ఒక్కో రికార్డింగ్‌కు ఇచ్చే గుర్తింపు సంఖ్య) అన్ని చోట్లా ఒకేలా ఉన్నాయో లేదో సరిచూడండి. ఒకే రికార్డింగ్‌ను డిస్ట్రిబ్యూటర్ మార్చినప్పుడు కొత్త కోడ్‌తో మళ్లీ ఎక్కిస్తే స్ట్రీమ్‌లు రెండు ముక్కలవుతాయి. కూడేటప్పుడు పాత ముక్క జారిపోయేది ఇక్కడే. ఆర్‌ఐఏఏ తరఫున ఖాతాలు తనిఖీ చేసేది గెల్ఫాండ్, రెనర్ట్ అండ్ ఫెల్డ్‌మన్ అనే ఆడిట్ సంస్థ. వాళ్లకు మీ నోటిమాట అక్కర్లేదు, కాగితాలు కావాలి. సీడీలు, వినైల్ ఉంటే షాపుల నుంచి తిరిగొచ్చినవి తీసేసి లెక్క చెప్పాలి, ఊరికే పంచిన ప్రమోషన్ కాపీలు చెల్లవు.

'60 వేలకే ప్లాటినం' అని మీరెక్కడో చదివుంటే అది ఆర్‌ఐఏఏ లాటిన్ విభాగం: గోల్డ్ 30 వేలు, ప్లాటినం 60 వేలు. పాటలో సగానికి పైగా స్పానిష్ ఉండాలి. తెలుగుకో హిందీకో అలాంటి వేరే మెట్టు లేదు, ఉండాలని నా గట్టి అభిప్రాయం. కెనడాలో మీ పాటకు ఆదరణ ఉంటే అటు చూడండి, అక్కడ మ్యూజిక్ కెనడా 40 వేలకు గోల్డ్, 80 వేలకు ప్లాటినం ఇస్తుంది.

మన దగ్గర జరిగే ప్లాటినం డిస్క్ ఫంక్షన్లకు ఆర్‌ఐఏఏ లెక్కతో సంబంధం లేదు. ఫ్రేమ్ కట్టిన ఫలకం కూడా సర్టిఫికెట్‌తో పాటు ఉచితంగా రాదు. ఆర్‌ఐఏఏ లైసెన్సు ఉన్న తయారీదారుకు సొంత ఖర్చుతో ఆర్డర్ ఇవ్వాలి. 'నేను తయారు చేయించి పెడతా' అని ఎవరైనా ముందే డబ్బడిగితే, ఆర్‌ఐఏఏ వెబ్‌సైట్‌లోని గోల్డ్ అండ్ ప్లాటినం జాబితాలో పాట పేరు కొట్టి చూడండి. అందులో ఎక్కాకే ఆర్డర్ ఇవ్వండి.