‘బాగుంది’ తర్వాత ఇంకో మాట

ప్రశ్న: మాకు ఎనిమిదేళ్ల పాప, అయిదేళ్ల బాబు. ఈమధ్య ఒక చిత్రకళా ప్రదర్శనకు తీసుకెళ్తే హాలంతా పావుగంటలో చుట్టేశారు. ఎలా ఉందని అడిగితే ‘బాగుంది’ అని ఊరుకున్నారు. నాకు చిత్రకళ గురించి ఏమీ తెలియదు. ముందుగా ఏం చదువుకుని వెళ్లి చెబితే వాళ్లకు ఆసక్తి కలుగుతుంది?
– ఒక తల్లి

జవాబు: ఏమీ చదువుకోకుండానే వెళ్లండమ్మా. చాలాకాలంగా పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పుతూ, వాళ్లను ప్రదర్శనలకు తీసుకెళ్తున్నదాన్ని కాబట్టి ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను. మనం వివరించడం మొదలుపెట్టగానే పిల్లల చూపు బొమ్మను వదిలి మన ముఖం మీదికి వచ్చేస్తుంది. ఇక వాళ్లకు మిగిలేది వినడమే. అది బడిలో రోజూ ఉన్నదే.

పావుగంటలో చుట్టేశారని బాధపడకండి. పెద్దలూ అంతే. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో సందర్శకులను గమనించి జెఫ్రీ స్మిత్, లీసా స్మిత్ 2001లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒక్కో కళాఖండం ముందు మనుషులు గడిపింది సగటున 27 సెకన్లు. అందుకే నేను పిల్లలను మొదట ఒక చుట్టు తిరిగి రానిస్తాను. తర్వాత, ‘మళ్లీ చూడాలనిపించే బొమ్మ దగ్గరికి నన్ను తీసుకెళ్లు’ అంటాను. బొమ్మను ఎంచుకోవాల్సింది వాళ్లే. పేరున్న చిత్రకారుడిది ఆ పక్కనే ఉన్నా సరే, దాన్ని వదిలేయండి. ఒక్కొక్కరికి ఒక్కో బొమ్మ చాలు. దారికి అడ్డం లేకుండా నేల మీద కూర్చోండి. పిల్లల ఎత్తు నుంచి చూస్తే చాలాసార్లు అద్దం మీద దీపాల వెలుగు తప్ప ఏమీ కనబడదు. అది మనం కూర్చుంటేనే తెలుస్తుంది.

ఇక మాటల సంగతి. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అంటారు, అక్కడితో సరి. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో విద్యావిభాగాన్ని నడిపిన ఫిలిప్ యెనవైన్, మనస్తత్వ శాస్త్రవేత్త అబిగైల్ హౌసెన్ కలిసి రూపొందించిన పద్ధతిలో అడిగేవి మూడే ప్రశ్నలు. ఈ బొమ్మలో ఏం జరుగుతోంది? ఏం చూసి అలా అంటున్నావు? ఇంకా ఏం కనబడుతోంది? నా అనుభవంలో ప్రాణమంతా రెండో ప్రశ్నలోనే ఉంది. ‘ఆయనకు కోపం వచ్చింది’ అని పిల్లవాడు అంటే, కాదనకండి, శభాష్ అని కూడా అనకండి. ఏం చూసి అలా అంటున్నావని అడగండి. వాడు మళ్లీ బొమ్మ వైపు తిరుగుతాడు. కనుబొమలు చూస్తాడు, పిడికిలి చూస్తాడు, ఒక్కోసారి తన మాట తానే మార్చుకుంటాడు. అలా తిరిగి చూడడం కోసమే ఈ ప్రయత్నమంతా.

ఒకసారి తరగతిలో నెదర్లాండ్స్ చిత్రకారుడు బ్రూగెల్ వేసిన ‘పిల్లల ఆటలు’ చిత్రం పెద్ద నకలు నేల మీద పరిచాను. అసలుది వియన్నా మ్యూజియంలో ఉంది. రెండు వందల మందికి పైగా పిల్లలు, ఎనభై దాకా ఆటలు. మా పిల్లలు అచ్చనగండ్లు ఆడుతున్నవాళ్లను పట్టుకున్నారు, చక్రాలు దొర్లిస్తున్నవాళ్లను, పీపా మీద ఎక్కి కూర్చున్నవాళ్లను పట్టుకున్నారు. అంతలో ఒక అమ్మాయి, ‘ఇన్ని ఆటలాడుతున్నారు, ఎవరూ నవ్వడం లేదేం?’ అంది. అందరూ బోర్లా పడుకుని ఒక్కొక్క ముఖమే వెతకడం మొదలుపెట్టారు. వాళ్లకు సరదాగా లేదని ఒకడు, ఆటలో మునిగిపోతే నవ్వం కదా అని ఇంకొకడు. చాలాసేపటికి, ‘ఇది ఎప్పటి బొమ్మ?’ అని అడిగారు. 1560 అని అప్పుడు చెప్పాను. ముందే చెప్పి ఉంటే ఆ అంకె ఎవరి చెవికీ ఎక్కేది కాదు. గోడ మీది వివరాల పలకను కూడా ఇలాగే చివరికి ఉంచండి. వాళ్లు అడిగినదానికి జవాబు మీకు తెలియకపోతే ఇద్దరూ కలిసి ఆ పలకలో వెతకండి.

అయిదేళ్ల బాబుకు ఇన్ని మాటలు రాకపోవచ్చు. బొమ్మలోని మనిషిలా నిలబడి చూపించమనండి. ఎటు వంగాడో, బరువు ఏ కాలి మీద వేశాడో చెప్పలేకపోయినా చేసి చూపిస్తాడు. అలసట కనబడగానే బయటికి వచ్చేయండి, సగం గదులు మిగిలిపోయినా పర్వాలేదు.

ప్రశ్న: గీతలు, రంగుల మరకలు తప్ప ఏమీ లేని చిత్రం చూసి మా అబ్బాయి ‘ఇది నేనూ వేయగలను’ అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. ఏం చెప్పాలి?
– ఒక తండ్రి

జవాబు: సంతోషంగా ఒప్పుకోండి. ‘అయితే ఎలా వేస్తావు? ముందు ఏ రంగు, ఏ వైపు నుంచి?’ అని అడగండి. జవాబు చెప్పాలంటే వాడు ఏ రంగు కింద ఉంది, ఏది పైన పడింది అని పొరలు చూడాల్సిందే. అమెరికా చిత్రకారుడు జాక్సన్ పొలాక్ 1947 నుంచి కాన్వాసును నేల మీద పరిచి, చుట్టూ తిరుగుతూ రంగును ధారగా పోశాడు. ఇంట్లో పాత కాగితాలు పరిచి అలా ఒకసారి పోయనివ్వండి. చేయి వేగం మారితే గీత లావు మారుతుందని తెలిసిన పిల్లవాడు తర్వాతిసారి ఆ చిత్రం ముందు వేరేగా నిలబడతాడు.

డచ్ చిత్రకారుడు మోండ్రియాన్ వేసిన చెట్ల బొమ్మలు కూడా చూపించండి. 1908లో మొదలుపెట్టిన ఎర్ర చెట్టు చెట్టులాగే ఉంటుంది. 1911 నాటి బూడిదరంగు చెట్టులో కొమ్మలు వంపులవుతాయి. 1912 నాటి పూసిన ఆపిల్ చెట్టులో వంపులే మిగులుతాయి. ఈ మూడింటినీ కలిపి పెట్టి, వరస ఏమిటో చెప్పమనండి. పిల్లలు దాదాపు ఎప్పుడూ సరిగ్గానే పేరుస్తారు.

ప్రశ్న: ‘ముట్టుకోవద్దు’ అని చెప్పడంతోనే మా సమయమంతా గడిచిపోతోంది. ఏదైనా ఉపాయం ఉందా?
– ఒక అమ్మమ్మ

జవాబు: కారణం చెబితే పిల్లలు వింటారండీ. మన చర్మం మీద నూనె, ఉప్పు ఉంటాయి. అవి లోహానికి, రంగుకు అంటుకుని మెల్లగా పాడుచేస్తాయి. కాగితం మీది చిత్రాలున్న గది మసకగా ఎందుకుందని అడిగితే అదీ చెప్పండి. వెలుతురు రంగులను వెలిసిపోయేలా చేస్తుంది కాబట్టి అక్కడ దీపాలు తగ్గిస్తారు. ఖాళీ చేతులే ముట్టుకోబోతాయి కనుక ఒక పెన్సిలు, చిన్న పుస్తకం ఇవ్వండి. పెన్నులు చాలాచోట్ల అనుమతించరు. పిల్లలు తాకి చూసేందుకు నమూనాలేమైనా ఉన్నాయా అని లోపలికి వెళ్లేముందే సిబ్బందిని అడగండి. కొన్ని మ్యూజియాలు వాటిని ప్రత్యేకంగా ఉంచుతాయి.