రెండేళ్ల బాబు అన్నీ నోట్లో పెట్టుకుంటాడు... దసరా సెలవుల్లో ఏం చేయించొచ్చు?

ప్రశ్న: మాది కరీంనగర్. పాపకు ఏడేళ్లు, బాబుకు రెండేళ్ల రెండు నెలలు. దసరా సెలవుల్లో ఇద్దరితో పూలు, రంగులతో ఏవైనా చేయిద్దామని ఒక క్రాఫ్ట్ కిట్ కొన్నాను. అందులో పూసలు, మెరుపుల పొడి, అతికించే ప్లాస్టిక్ కళ్లు, చిన్న బ్యాటరీ దీపాలు ఉన్నాయి. బాబు చేతికి ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటాడు. కాగితం ఇస్తే అతికించడు, చింపి పోగులు పెడతాడు. వాడి వయసుకు ఏం చేయించొచ్చు? ఈ చింపడం మామూలేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ కిట్ పాపకే ఉంచండి. అదీ బాబు నిద్రపోయాకే తీయండి. పూసలు, ప్లాస్టిక్ కళ్లు గొంతుకు అడ్డం పడే సైజువి. మెరుపుల పొడి కంట్లో పడితే నల్లగుడ్డును గీస్తుంది. అన్నిటికన్నా నాకు భయం బ్యాటరీ దీపాలతోనే. వాటి అడుగు మూతకు స్క్రూ లేకపోతే ఇంట్లోనే ఉంచొద్దు. వాటిలో ఉండే బిళ్ల బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అక్కడి కండరం కాలిపోవడం మొదలవుతుంది. మింగాడన్న అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకుండా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి పరుగెత్తాలి. మింగి పన్నెండు గంటలు దాటకపోతే, ఏడాది నిండిన పిల్లలకు దారిలో పది నిమిషాలకోసారి రెండు టీస్పూన్ల తేనె పట్టొచ్చు, ఆరుసార్లకు మించకుండా. తేనె కోసం వెతుకుతూ ఆలస్యం మాత్రం చేయొద్దు.

ఏది ఇవ్వొచ్చో తేల్చుకోవడానికి ఒక సులువు ఉంది. అట్టముక్కను 4 సెంటీమీటర్ల వెడల్పు గొట్టంలా చుట్టి టేపు వేయండి. అందులోంచి జారిపోయే గట్టి వస్తువేదీ మూడేళ్లు నిండేదాకా బాబు చేతికి వద్దు. పూరేకులు కూడా జారతాయి కదా అంటారేమో. అవి మెత్తవి. అయినా మీరు పక్కన కూర్చున్నప్పుడే ఇవ్వండి.

బతుకమ్మ పూలతోనే మొదలుపెట్టండి. చిన్న స్టీలు పళ్లెంలో గుమ్మడి ఆకు పరిచి, పెద్ద బంతిపూలు ఒక్కొక్కటే అందిస్తే వాడే పేరుస్తాడు. వరస కుదరదు, కుదరక్కర్లేదు. మీరు వెనకాల సర్దడం మొదలుపెడితే వాడు లేచి వెళ్లిపోతాడు. తెచ్చిన పూలను ముందు దులిపి, రెండుసార్లు నీళ్లలో జాడించి ఆరబెట్టండి. చీమలు, గొంగళి పురుగులు, కొట్టిన మందు కొంతైనా పోతాయి. రంగులో ముంచిన గునుగు వద్దు, ఆ రంగు వేళ్ల నుంచి నాలుకకు చేరుతుంది. తెల్ల గునుగు, తంగేడు పర్వాలేదు. చేలగట్ల మీద గునుగు కోసేటప్పుడు పక్కనే వయ్యారిభామ కూడా ఉంటుంది, కలిసి వస్తే చర్మంపై దద్దుర్లు రావొచ్చు. గన్నేరు (పచ్చదైనా ఎర్రదైనా), ఉమ్మెత్త, గురివింద గింజలు గుమ్మం దాటి లోపలికే రాకూడదు. గన్నేరు విషం గుండె మీద పనిచేస్తుంది.

అతికించే ఆటకు బజారు గమ్ అక్కర్లేదు. మూడు పెద్ద చెంచాల మైదాను కప్పు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, ఆ తర్వాతే సన్నటి సెగ మీద పెట్టి నిగనిగలాడే దాకా తిప్పండి. వేడినీళ్లలో పిండి వేస్తే ఉండలు కడుతుంది. పల్చగా దింపేస్తే రేకులు జారిపోతాయి. అడుగున న్యూస్‌పేపర్ వద్దు, తడికి చిరిగిపోతుంది. పాత శుభలేఖ అట్ట బాగా ఆగుతుంది. మీరు బంక పూయండి, వాడు రేకులు తెంపి చల్లుతాడు. గోధుమ, మైదా పడని పిల్లలకు ఈ బంక, కింద చెప్పే పిండిముద్ద రెండూ వద్దు.

బెండకాయ అచ్చులు ఇంకా ఇష్టపడతాడు. లావుపాటి ముదురు కాయను తొడిమ వైపు ఐదారు సెంటీమీటర్లు ఉండేలా అడ్డంగా కోయండి. పిడికిట్లో పట్టుకోవడానికి ఆ మాత్రం పొడవు కావాలి. జిగురు తుడిచి పది నిమిషాలు ఆరనివ్వండి, లేకపోతే రంగు జారి పువ్వు ఆకారం అలుక్కుపోతుంది. ఊడొచ్చే గింజలను ముందే తీసేయండి. బియ్యప్పిండిలో బీట్‌రూట్ రసం పోసి దోసెల పిండిలా కలిపి, మడతపెట్టిన తడిగుడ్డ మీద పరిస్తే అద్దుకోవడానికి వీలుగా ఉంటుంది. ఇందులో కుంకుమ, ముగ్గుపిండి, సున్నం కలపొద్దు. సున్నం కంట్లో పడితే వెంటనే ధారగా నీళ్లు పోస్తూ ఇరవై నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంటర్నెట్‌లో పిండిముద్దకు కప్పు పిండికి అరకప్పు ఉప్పు అని రాస్తారు. ఈ వయసుకు అది పనికిరాదు. నాలుగు ముద్దలు మింగితే రక్తంలో సోడియం పెరిగి వాంతులు, ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. కప్పు గోధుమపిండి, సుమారు మూడో వంతు కప్పు నీళ్లు, చెంచా నూనె, చిటికెడు పసుపు చాలు. వేళ్లకు అంటుకుంటే పిల్లలు చిరాకుపడతారు, కాస్త పొడిపిండి అద్దండి. ఒకసారి నాకినా ఏమీ కాదు, పచ్చిపిండి తింటూ కూర్చోనివ్వొద్దు. సాయంత్రానికి పారేయండి.

ఏ ఆటైనా ఐదారు నిమిషాలు. నిద్ర లేచి ఏదైనా తిన్నాక మొదలుపెడితే మేలు, ఆకలి మీదున్న పిల్లాడు పిండిని తిండిలాగే చూస్తాడు.

గొంతుకు ఏదైనా అడ్డం పడి, గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గలేక, ఏడవలేక ఉంటే ముందుకు వంచి భుజాల మధ్య అరచేత్తో ఐదు దెబ్బలు వేయండి. అప్పటికీ రాకపోతే వెనక నుంచి బొడ్డుకు పైన పిడికిలి పెట్టి ఐదుసార్లు లోపలికి, పైకి నొక్కండి. బయటికి వచ్చేదాకా ఇలా మార్చి మార్చి చేస్తుండగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. కనిపించని దాని కోసం నోట్లో వేలు పెట్టి కెలకొద్దు. గింజ ముక్కులోకి పోతే పిన్నుతో లాగొద్దు, ఇంకా లోపలికి వెళ్తుంది. ఒక ముక్కు నుంచే వాసనతో చీమిడి కారుతుంటే అక్కడ ఏదో ఉందనే అనుకుని ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

ఇక చింపడం. ఈ వయసుకు అదే పని. రెండు చేతులు చెరోవైపు లాగడం, బొటనవేలు, చూపుడు వేలితో గిల్లి పట్టడం అందులోనే వస్తాయి. పాత కాగితాలు ఇచ్చి చింపించండి, ఆ ముక్కలనే మీ పాప అతికిస్తుంది. రెండేళ్లప్పుడు నిలువు గీత, మూడేళ్లకు గుండ్రం వస్తాయి కాబట్టి బొమ్మ వేయలేదని దిగులు వద్దు. లావు క్రేయాన్‌ను పిడికిలితో పట్టుకున్నా ఫర్వాలేదు. ఎప్పుడూ ఒకే చేయి వాడుతూ రెండోది ముడుచుకునే ఉంచినా, ‘అమ్మా రా’, ‘పాలు కావాలి’ లాంటి రెండు పదాల మాటలు ఇంకా రాకపోయినా, సెలవులు అయ్యేదాకా ఆగకుండా పిల్లల డాక్టరుకు చూపించండి.